కుళాయి వేళ, చెరువు కట్ట: ఒక చిన్న పట్టణం నడక మొదలుపెట్టిన తీరు

ఇది ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక చిన్న మున్సిపాలిటీలో జరిగిన పని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో, ఎవరు కదిలించారో అందరికీ తెలిసిపోతుంది. వాళ్ళలో సగం మంది ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కమ్యూనిటీ ఆర్గనైజర్‌ని, ఆడవాళ్ళ పొదుపు సంఘాలతో పని. జనం రోజూ కాస్త ఒళ్ళు కదిలించేలా చూడాలని, అందులోనూ నలభై దాటిన ఆడవాళ్ళని బయటికి తేవాలని మున్సిపాలిటీ అనుకున్నప్పుడు, సంఘాల వైపు నుంచి ఆ పని నాకు అప్పజెప్పారు. వేరే పట్టణాల కమ్యూనిటీ ఆర్గనైజర్లూ, వార్డు సచివాలయాల వాళ్ళూ ఎలా చేశారని అడుగుతున్నారు గనక వివరంగా రాస్తున్నాను.

ముందు అంకెలు, త్వరగా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలి. మాట్లాడగలం గానీ పాట పాడలేం అన్నంత వేగంగా నడిస్తే అది లెక్కలోకి వస్తుంది. పిల్లలకైతే రోజుకి సగటున 60 నిమిషాలు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్ళలో 49.4 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. 2000లో అది 22 శాతం దగ్గర ఉండేది. 2022 లెక్కనే విడదీస్తే మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. అదే కాలంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్తంగా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి: షుగరు 11.4 శాతం మందికి, బీపీ 35.5 శాతం మందికి.

ఈ అంకెల్లో నన్ను ఆపింది ఆ 42కీ 57కీ మధ్య ఉన్న తేడా. మా ఊళ్ళో దాన్ని చూడ్డానికి సర్వే అక్కర్లేదు. పొద్దున్నే జూనియర్ కాలేజీ గ్రౌండుకి వెళితే చాలు. రిటైరైన మాస్టార్లు, బట్టల కొట్ల షావుకార్లు, రియల్ ఎస్టేట్ వాళ్ళు, ఎల్ఐసీ ఏజెంట్లు బూట్లేసుకుని రౌండ్లు కొడుతుంటారు. ఆ తర్వాత గేటు దగ్గర టీ, పేపరు, రాజకీయాలు. ఆడవాళ్ళు ఉద్యోగస్తులు నలుగురో అయిదుగురో ఒక మూలగా నడిచి వెళ్ళిపోతారు. మగవాళ్ళకి చెప్పాల్సిన అవసరం మాకు కనబడలేదు. వాళ్ళకి టైముంది, చోటుంది, తోడుంది.

అప్పటికే ఉన్నవి

ఊళ్ళో ఒక పార్కుంది. అందులో ఓపెన్ జిమ్ ఉంది. ఇప్పుడు ఏ పట్టణానికి వెళ్ళినా ఈ పసుపు, నీలం రంగుల ఇనప సామాను కనబడుతుంది. మున్సిపాలిటీకి ఇది చాలా తేలికైన పని: టెండరు, బిల్లు, రిబ్బను, ఫోటో. ఏడాది తిరిగేసరికి బేరింగులు అరిగి కిర్రుమంటాయి, నిర్వహణకి కాంట్రాక్టు ఉండదు. చిన్నపిల్లలు ఉయ్యాల్లా వాడుకుంటారు. అందులో తప్పేం లేదు, వాళ్ళూ కదలాలిగా. కానీ సాయంత్రమైతే కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు పెట్టుకుని వాటి మీద కూర్చుంటారు, ఆడవాళ్ళు ఆ వైపు చూడరు.

పార్కులో నడక దారికి నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ వేశారు. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి మా జిల్లాలోనే కాబట్టి రాయికి కొదవ లేదు, ముక్కలు చవగ్గా దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటుంది. అక్టోబరు, నవంబరు వానలకి దాని మీద అడుగేస్తే ఏమవుతుందో కాంట్రాక్టరుకి పట్టదు. అరవై దాటినావిడ ఒకసారి జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ వీధిలో ఇంకెవరూ నడకకి రారు. రాయి వెయ్యక తప్పకపోతే మంటతో గరుకు చేసిన రాయి వెయ్యాలి. అంతకన్నా మేలు, గట్టిగా రోలరు తొక్కించిన గ్రావెల్. అది మోకాళ్ళకీ నయం, ఖర్చూ తక్కువ.

ఇక సైడు కాలవలు. చిన్న పట్టణాల్లో ఫుట్‌పాత్ అంటే కాలవ మీద పరిచిన బండలే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నివాస ప్రాంతాల్లో కూడా అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మా బజారులో కాలవ మీద కొట్ల మెట్లు, మెట్ల మీద సరుకు, దాని ముందు బండి. బళ్ళ వాళ్ళని తోసెయ్యమని ఎవరైనా అంటారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ లేకుండా అలా తొయ్యడానికి వీల్లేదు, తొయ్యకూడదు కూడా. మాకు అడ్డం వచ్చింది ఎక్కువగా పక్కా కొట్ల మెట్లే. వాళ్ళ జోలికి వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందుకని బజారు రోడ్డుని ఈ పనిలోంచి వదిలేశాం. విరిగిన బండలు మాత్రం మేం నడకకి ఎంచుకున్న చెరువు కట్టకి వెళ్ళే దారి పొడుగునా మార్పించాం.

"నీళ్ళెవురు పట్టాల?"

ఇలాంటి పని వచ్చినప్పుడు ఆఫీసులో మొదటి ఆలోచన ర్యాలీ. టీషర్టులు, టోపీలు, బ్యానరు, జెండా ఊపడం. 2025లో యోగాంధ్ర పేరుతో యోగా కార్యక్రమం నెల రోజులు రాష్ట్రమంతా జరిగింది, జూన్ 21న విశాఖ బీచ్‌లో లక్షల మంది కూర్చున్నారు. అంత పెద్ద పండగ వల్ల మాకు ఒక లాభం మిగిలింది: ఆసనాలు నేర్పడానికి తర్ఫీదైన మనుషులు ప్రతి వార్డులోనూ ఉన్నారు, వాళ్ళ పేర్లు సచివాలయంలో ఉన్నాయి. కానీ జూలైలో మళ్ళీ చాపలు చుట్టేశారు. పండగ ఎందుకు రోజువారీ పని కాలేదని అడగడానికి నేను ఎస్ఎల్ఎఫ్ (బస్తీలోని పొదుపు సంఘాల సమాఖ్య) మీటింగులకి వెళ్ళాను.

నడక మంచిదని ఆ మీటింగుల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. షుగరు బిళ్ళలు మింగేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉన్నారు, డాక్టరు ప్రతి నెలా చెబుతూనే ఉన్నాడు. నేను అడిగింది వేరే. "పొద్దున అయిదింటికి మీరు ఏం చేస్తుంటారక్కా?"

"నీళ్ళ కాడ ఉంటాం మేడం. మేం నడకలు పోతే నీళ్ళెవురు పట్టాల?"

మా ఊరికి తాగునీళ్ళు సాగర్ కాలవ నుంచి. కాలవ వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజీ ట్యాంకు నింపుకుని, అక్కణ్ణించి ఓవర్‌హెడ్ ట్యాంకులకి ఎక్కించి, వార్డుల వారీగా వాల్వులు తిప్పుతారు. అందరికీ ఒకేసారి వదిలితే చివరి ఇళ్ళకి ఎక్కవు కాబట్టి వంతులు. రోజు విడిచి రోజు, ఒక్కో వీధికి కాసేపు. ఆ కాసేపు ఎప్పుడో తెలియకపోవడమే అసలు బాధ. కరెంటు పోతే, మోటారు ఆగితే, ముందు వీధిలో ఆలస్యమైతే, అయిదింటికి రావాల్సిన నీళ్ళు ఆరున్నరకి వస్తాయి. అందువల్ల నాలుగున్నరకే లేచి బిందెలు కుళాయి దగ్గర పెట్టి కాపలా కూర్చుంటారు. నీళ్ళు రాని రోజు కూడా వస్తాయేమోనని లేస్తారు. ఎండాకాలంలో మా వైపు తొమ్మిదిన్నరకే బయట నిలబడలేం, రోహిణి కార్తెలో అయితే ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. నడవగలిగిన వేళ ఏదో సరిగ్గా ఆ వేళలోనే ఊళ్ళో ఆడవాళ్ళంతా కుళాయి దగ్గర ఉన్నారు.

ఈ మాట నేను కమిషనర్ గారి సమీక్షలో చెప్పినప్పుడు ఇంజినీరింగ్ వాళ్ళు నవ్వారు. నీళ్ళకీ వ్యాయామానికీ సంబంధం ఏంటని. కమిషనర్ గారు నవ్వలేదు. రాజ్యాంగం 12వ షెడ్యూల్ తీసి చదవమన్నారు. 74వ సవరణతో వచ్చిన ఆ జాబితాలో మున్సిపాలిటీల పనులు 18. పార్కులు, ఆటస్థలాలు 12వ అంశం. నీటి సరఫరా 5. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం 6. వీధి దీపాలు, మరుగుదొడ్లు 17. "ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయి, ఒకదాని టైం ఒకదానికి కలవడం లేదు, అంతే" అన్నారాయన. ఈ కేసులో మేం చేసిందంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది.

చెరువు కట్టకి దగ్గరున్న వార్డులకి నీళ్ళిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకు ఒకటి ఎంచుకున్నాం. వేళ మార్చాలంటే ఆడవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. సాయంత్రం నాలుగింటికి వదలమని కొందరు. కూలికి, పొగాకు గ్రేడింగుకి వెళ్ళేవాళ్ళు "అప్పటికి మేం ఇంటికాడ ఉండం" అన్నారు. ఏడు తర్వాత అంటే పిల్లల బడి వేళ. చివరికి ఆరుముప్పావు దగ్గర ఆగారు. ఇంజినీరు మా లెక్క చూసి, ఇంకో ట్యాంకు వంతుతో దాన్ని అటూ ఇటూ మార్చాడు.

వేళ మార్చడం కన్నా, చెప్పిన వేళకి వదలడం కష్టమైంది. వాల్వు తిప్పే ఫిట్టర్ మొదట్లో ఒప్పుకోలేదు. ఆయన బాధా న్యాయమే. కరెంటు ఆయన చేతిలో లేదు, తిట్లు మాత్రం ఆయనకే. అప్పుడు ఒక ఆర్పీ (రిసోర్స్ పర్సన్, వార్డులో సంఘాల పనులు చూసే ఆవిడ) చెప్పిన ఉపాయం పనికొచ్చింది. వాల్వు తిప్పే ముందు ఫిట్టర్ ఆ వార్డు ఆర్పీకి ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు, ఆమె సంఘం వాట్సాప్‌లో "నీళ్ళు" అని ఒక్క ముక్క పెడుతుంది. ఆలస్యమైతే "లేటు". కట్ట మీద నడుస్తున్నావిడ ఫోను చూసుకుని ఇంకో రౌండు వెయ్యాలా, ఇంటికి పోవాలా తేల్చుకుంటుంది. ఫిట్టర్‌కి తిట్లు తగ్గాయి. ఈ పనికి మున్సిపాలిటీ ఖర్చు సున్నా.

నెల గడిచేసరికి కట్ట మీద ఆడవాళ్ళు గుంపులుగా కనబడ్డారు. అప్పటికి మేం ఒక్క బ్యానరు కూడా కట్టలేదు.

కట్ట మీద దీపం, కుక్క, తాళం

చెరువు కట్ట మున్సిపాలిటీది కాదు, జలవనరుల శాఖది. చాలా పట్టణాల్లో ఇంతే. నెల్లూరు స్వర్ణాల చెరువు లాంటి పెద్ద చోట్ల కట్టని అందంగా చెయ్యడం చూసి ప్రతి కౌన్సిలరూ మనకీ అలాంటిది కావాలంటాడు. అక్కడ జరిగింది పెద్ద పని, పెద్ద నిధులు. చిన్న ఊళ్ళో ముందు కావాల్సింది నిరభ్యంతర పత్రం. కట్ట మీద శాశ్వత నిర్మాణం ఏదైనా సరే ఆ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కట్టకి గుంతలు తవ్వి స్తంభాలు పాతితే వాన నీళ్ళు అక్కడే కోస్తాయి. అందుకని కట్ట దిగువ, ఊరి వైపున ఉన్న రోడ్డు పక్కన స్తంభాలు వేసి దీపాల ముఖం కట్ట వైపుకి తిప్పాం. ముళ్ళకంప కొట్టించాం. తుమ్మ, సర్కారు కంప ఏటా మళ్ళీ వస్తుంది కాబట్టి ఆ కొట్టడాన్ని ఏటా ఖర్చుగానే రాయించాం.

దీపాల్లో ఇంకో చిక్కు. ఎల్‌ఈడీ లైట్లు కంట్రోల్ బాక్సులో పెట్టిన టైముకి ఆరిపోతాయి. చలికాలంలో అయిదున్నరకి చీకటే, లైటు ఆరిపోయి ఉంటుంది. టైమరు మార్చడానికి ఒక ఉత్తరం, మూడు ఫోన్లు.

కుక్కల గురించి మీటింగుల్లో నీళ్ళ తర్వాత అంత ఎక్కువగా మాట్లాడారు. పట్టుకెళ్ళి దూరంగా వదిలెయ్యమన్నారు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం కుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ పనికి మనుషులు దొరికి, వంతు వచ్చేసరికి నెలలు పడతాయి. ఈలోగా శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒక మంచి పని చేశాడు. కట్ట మొదట్లో చికెన్ కొట్ల వాళ్ళు రాత్రి పూట ఈకలు, పేగులు పారేసే చోటుంది. కుక్కలకి అదే మేత. చికెన్ వ్యర్థాలకి వేరే డబ్బాలు పెట్టించి, కొట్లు మూసే వేళకే బండి పంపాడు. మేత లేకపోయేసరికి గుంపు పలచబడింది. పూర్తిగా పోలేదు. చేతికర్ర తెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మరుగుదొడ్డి విషయం మగవాళ్ళు రాసే ఏ నివేదికలోనూ చూడలేదు. షుగరున్నావిడకి, ముగ్గురు పిల్లల్ని కన్నావిడకి అరగంట బయట ఉండటం అంటే ఏంటో వాళ్ళనే అడగాలి. కట్ట దగ్గర సులభ్ తరహా మరుగుదొడ్డి ఉంది, ఎనిమిదింటికి తీస్తారు. పక్కనే ఉన్న బస్టాండు ప్రయాణికుల కోసం పెట్టిన వేళ అది. అయిదింటికి తియ్యమంటే నడిపేవాడు ఇంకో మనిషికి జీతం అడిగాడు. న్యాయమే కాబట్టి ఇచ్చారు. కట్ట దగ్గర పనిలో కొత్తగా జీతం ఖర్చు పెరిగింది ఇక్కడొక్కచోటే. నా దృష్టిలో ఓపెన్ జిమ్ సామాను మొత్తానికన్నా ఈ తాళం ముందుగా తియ్యడం వల్ల ఎక్కువ మంది నడిచారు.

డాక్టరు చీటీ

అర్బన్ హెల్త్ సెంటర్ డాక్టరు గారితో, వార్డు హెల్త్ సెక్రటరీలతో కూర్చుని ఒక చిన్న చీటీ తయారు చేశాం. మందుల చీటీ లాంటిదే. "రోజూ అరగంట నడక, వారానికి అయిదు రోజులు" అని రాసి, కింద డాక్టరు సంతకం, ముద్ర. షుగరు, బీపీ రిజిస్టర్లో ఉన్నవాళ్ళకి మందులతో పాటు ఇచ్చారు. అరగంటని పదేసి నిమిషాలుగా చేసుకున్నా ఫరవాలేదని నోటితో చెప్పారు.

ఆ చీటీ జనానికి తెలియనిదేదో చెబుతుందని కాదు. అది ఇంట్లో అనుమతి పత్రంలా పనిచేసింది. పొద్దున్నే కోడలు బయటికి వెళ్తానంటే "ఇంట్లో పని లేదా" అనే అత్తగారు, డాక్టరు సంతకం చూసి ఊరుకుంది. ఒకావిడ దాన్ని ఫ్రిజ్ మీద అతికించుకుంది. ఇంకొకావిడ భర్త "డాక్టరే రాశాడంటే పో, నేనేం చెయ్యను" అన్నాడట. చీటీ లేని పక్కింటి వాళ్ళు తమకీ ఒకటి రాయించమని ఆర్పీల వెంట పడ్డారు.

చీటీ వెనక వైపు జాగ్రత్తలు వేయించాం. ఇన్సులిన్ గానీ, షుగరు పడిపోయేలా చేసే మాత్రలు గానీ వేసుకుని ఖాళీ కడుపుతో నడవద్దు, కొంగుకి ఒక చాక్లెట్టో, పంచదార పొట్లమో కట్టుకోండి. గుండెల్లో పట్టేసినట్టున్నా, ఆయాసం ఎక్కువైనా ఆగిపోయి ఆసుపత్రికి రండి. పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతో నడవద్దు, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి. ఆడవాళ్ళు బూట్లు వేసుకోరు, చీర మీద బూట్లంటే నవ్వుతారని భయం. వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలని డాక్టరు గారే చెప్పారు. బొమ్మ వెయ్యాల్సి వచ్చినప్పుడు కూడా నాజూకు అమ్మాయిని ట్రాక్‌సూట్‌లో వేసిన నమూనా పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకున్న నడివయసావిడ బొమ్మ గీయించాం.

మా పక్క జిల్లాలో ఒక పాత పాఠం ఉంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం రాత్రి బళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళే 1992లో దూబగుంటలో సారా అంగడిని మూయించారు, ఆ ఊపులోంచే పొదుపు సంఘాలు పుట్టాయి. చదువు చెప్పడానికి పిలిస్తే వాళ్ళు తమకి కావాల్సింది తేల్చుకుని వచ్చారు. సంఘాలతో ఏ పని చేసినా నాకు అది గుర్తుంటుంది. కట్ట మీద గుంపుకి నాయకురాలు ఎవరన్నది మేం పెట్టలేదు. ఆర్పీలకి కూడా అప్పజెప్పలేదు. వాళ్ళ నెత్తిన ఇప్పటికే బ్యాంకు లింకేజీ, సర్వేలు, యాప్‌లు, మీటింగులకి జనాన్ని తేవడం ఉన్నాయి. గౌరవ వేతనం మీద బతికే మనిషికి ఇంకో పని ఉచితంగా తగిలించి దాన్ని ప్రజా భాగస్వామ్యం అనడం నాకు నచ్చదు.

కుదరనివి

ఆదివారం బజారు రోడ్డులో వాహనాలు ఆపి ఆటలు, నడక పెట్టాలన్నది ఒక కౌన్సిలర్ కోరిక. బొగోటాలో 1974 నుంచీ ఆదివారాలు రోడ్లు మూసి సైకిళ్ళకీ నడకకీ వదులుతారు, 2013లో గుర్‌గావ్‌లో రాహ్‌గిరి పేరుతో మొదలుపెట్టారు. ఆయన వీడియోలు చూపించాడు, బాగున్నాయి. కానీ మా ఊళ్ళో ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా కోడి, మాంసం, చేపల బేరం. వారం మొత్తంలో బజారు కిక్కిరిసే వేళ అదే. మా రోడ్డు ఖాళీగా ఉండేది ఆదివారం మధ్యాహ్నం, అప్పుడు ఎండ. ఒకసారి చేసి చూశారు, కొట్ల వాళ్ళు కమిషనర్ ఆఫీసు ముందుకొచ్చారు. అంతటితో ఆగింది.

పిల్లల్ని గుంపుగా బడికి నడిపించే ఆలోచన కూడా నిలవలేదు. పిల్లలు చదివే ప్రైవేటు బళ్ళు వీధి చివర లేవు, బస్సులూ ఆటోలూ ఇంటి ముందుకొస్తాయి. పిల్లాడు నడిచి వెళ్ళడం అంటే తల్లిదండ్రులకి చిన్నతనం. ఈ పట్టింపు పోవాలంటే మున్సిపాలిటీ చేతిలో ఏముందో నాకు తెలియడం లేదు. బడి గ్రౌండ్లు మాత్రం సాయంత్రం తెరిపించగలిగాం, అదీ కష్టపడే. 2022లో మున్సిపల్ బళ్ళ అజమాయిషీ విద్యాశాఖకి వెళ్ళాక తాళం చెవి ఎవరిదన్నదే ఒక పెద్ద ప్రశ్న. సాయంత్రం కిటికీ అద్దం పగిలితే హెడ్‌మాస్టర్ జవాబు చెప్పాలి. పేరెంట్స్ కమిటీ తీర్మానం చేసి, వాచ్‌మన్‌కి మున్సిపాలిటీ డబ్బు ఇచ్చి, పగిలినవి మున్సిపాలిటీయే బాగు చేయిస్తుందని కాయితం రాసిచ్చాక తీశారు.

ముస్లిం కుటుంబాలు ఎక్కువున్న వార్డు ఆడవాళ్ళు కట్టకి రాలేదు. వాళ్ళని ఆర్పీ అడిగితే, గోడ ఉన్న చోటు కావాలి, సాయంత్రం కావాలి అన్నారు. బాలికల హైస్కూలు గ్రౌండు వాళ్ళకి కుదిరింది. రంజాన్ నెలలో వాళ్ళ వేళలు పూర్తిగా వేరు, అది గమనించి వాచ్‌మన్ వేళ మార్చాం.

లేఅవుట్లలో చట్టప్రకారం మున్సిపాలిటీకి అప్పగించాల్సిన పది శాతం ఖాళీ స్థలాల సంగతి వేరే రాయాల్సినంత ఉంది. కాగితం మీద మా ఊళ్ళో అవి చాలానే ఉన్నాయి. వెళ్ళి చూస్తే ఒకచోట గుడి, ఒకచోట వాటర్ ప్లాంటు, ఒకచోట గేదెల కొట్టం. మిగిలిన వాటికి ప్లానింగ్ సెక్రటరీల చేత కొలతలు వేయించి కంచె కట్టించడం దాకా వచ్చాం.

నడక అందరికీ కాదు

పొగాకు వేలం సీజనులో రోజంతా నేల మీద గొంతుక్కూర్చుని ఆకు గ్రేడింగు చేసే ఆడవాళ్ళకి పొద్దున నడవమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళకి శ్రమ తక్కువేం కాలేదు. నడుం, మోకాళ్ళు పట్టేస్తాయి. వాళ్ళకి గంటకోసారి లేచి ఒళ్ళు విరుచుకునే వీలు కావాలి, కూర్చోడానికి ఎత్తు పీట కావాలి. అది గోడౌను యజమానితో మాట్లాడాల్సిన పని. ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు పీట మీద కూర్చుంటే పని తగ్గుతుందన్నారు.

ఇంకో సంగతి, బయటి నిపుణులు మా వైపుకొచ్చి మర్చిపోయేది. కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు తాగిన పెద్దవాళ్ళకి వెన్నెముక, కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కొందరు మెడ తిప్పలేరు, కింద కూర్చుని లేవలేరు. యోగా గురువు వచ్చి వజ్రాసనం వెయ్యమంటే వాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక చూశారు. ఫిజియోథెరపిస్టుని పిలిపించి, కుర్చీ సాయంతో చేసేవి నేర్పించాం: భుజాలు తిప్పడం, మోకాలు చాపి కాసేపు నిలపడం, కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తడం. అరవై అయిదు దాటినవాళ్ళకి వారానికి కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే కసరత్తులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇదే. ఫ్లోరోసిస్ దీనితో పోదు. రాకుండా ఆపేది సాగర్ నీళ్ళే. పడిపోకుండా ఉండటానికీ, సొంతంగా దొడ్డికి వెళ్ళి రావడానికీ ఇది పనికొస్తుంది.

ఎలా లెక్కపెట్టాం

డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లల్ని కట్ట రెండు చివర్లా కూర్చోబెట్టాం. ఒకే చోట, ఒకే గంట, ఒక మామూలు రోజు, ఒక ఆదివారం. ఆడ, మగ, చూపుకి అరవై దాటినవారా కాదా. గీతలు గీయడమే. ఊరి పేరు చెప్పనప్పుడు అంకెలకి విలువ లేదు గనక ఇవ్వడం లేదు; మొదటి లెక్కలో అరుదుగా ఉన్న ఆడవాళ్ళు ఏడాది తర్వాత అదే నెలలో లెక్కపెట్టినప్పుడు మగవాళ్ళకి దగ్గరగా వచ్చారు.

అదే నెలలో అన్నది ముఖ్యం. కార్తీకంలో లెక్కపెడితే తెల్లవారుజామున దీపాలకి, గుడికి వెళ్ళేవాళ్ళంతా నడకలో పడతారు. ధనుర్మాసంలో ముగ్గుల కోసం ఊరంతా నాలుగింటికే లేస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్న మగవాళ్ళ లెక్క వేరు. ఎవరైనా నవంబరులో ర్యాలీ తీసి, నవంబరులోనే లెక్క చూపించి, జనం మారిపోయారంటే నమ్మకండి. మేం మాఘమాసంలో మొదలుపెట్టాం, వాన లేదు, ఎండ లేదు.

షుగరు తగ్గిందా అని ప్రతి సమీక్షలోనూ అడిగారు. మేం ఆ లెక్క చూపించలేదు. మందు మారిందా, తిండి మారిందా, నడకా అన్నది ఒక పట్టణం రిజిస్టరు చెప్పలేదు. నడిచేవాళ్ళ సంఖ్య మున్సిపాలిటీ చేతిలో ఉన్న పనికి కొలత. మిగతాది డాక్టర్లది.

ఫైలు

ఈ పని ఒక కమిషనర్ హయాంలో మొదలై, ఆయన బదిలీ అయినా నిలబడటానికి కారణం కౌన్సిల్ తీర్మానం. ప్రత్యేక పథకం అని పేరు పెట్టలేదు. పెడితే తర్వాత వచ్చినవారు తమ పథకం పెట్టుకుంటారు. నీటి సరఫరా వేళలు ఇంజినీరింగ్ విభాగం చార్టులో, దీపాల టైమరు విద్యుత్ బాధ్యత చూసే సెక్రటరీ పనుల్లో, చికెన్ వ్యర్థాల బండి పారిశుద్ధ్యం రూటు మ్యాపులో, మరుగుదొడ్డి వేళ ఆ కాంట్రాక్టు షరతుల్లో, కంప కొట్టడం వార్షిక అంచనాల్లో రాయించాం. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో ఎక్కువ భాగం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపడి వచ్చేది కాబట్టి మరుగుదొడ్డి, వ్యర్థాల ఖర్చు అటు చూపించడానికి ఇబ్బంది రాలేదు. వాచ్‌మన్ల డబ్బు సాధారణ నిధి నుంచి. ప్రతి ఏడాదీ ఆడిట్ వాళ్ళు అడుగుతారు, తీర్మానం నంబరు చూపిస్తాం.

ఇప్పుడు మిగతా ఓవర్‌హెడ్ ట్యాంకుల వేళలు మార్చే పని నడుస్తోంది. ఒక ట్యాంకు పరిధిలో చివరి వీధులు ఎత్తులో ఉన్నాయి, ఆరుముప్పావుకి వదిలితే అక్కడికి నీళ్ళెక్కేసరికి ఎనిమిదవుతోంది. అక్కడ ఇంకో వాల్వు పెట్టాలని ఇంజినీరు అంచనా రాశాడు. అది వచ్చే కౌన్సిల్ ఎజెండాలో ఉంది. ఆ వీధుల ఆడవాళ్ళు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. నీళ్ళు లేని రోజు నడుస్తున్నారు, నీళ్ళ రోజు మానేస్తున్నారు. వారానికి మూడో నాలుగో రోజులు వస్తున్నాయి.